తెనాలిలో పాత డాబా ఇల్లు: ఫ్యాన్ బాక్సులోంచి నీళ్ళు, పైన ఎక్కడ దిగుతున్నాయో అంతు చిక్కట్లేదు

ఫ్యాన్_కింద_బకెట్:

అందరికీ నమస్తే. మా అమ్మా నాన్నా ఉండే ఇల్లు తెనాలిలో, 1986లో కట్టింది. కింద హాలు, రెండు గదులు, వంటిల్లు. 2004లో అన్నయ్య పెళ్ళికి ముందు పైన పడమర వైపు ఒక గది, దానికి బాత్రూమ్ వేశారు. తూర్పు సగం ఖాళీ డాబా. ఆ ఖాళీ డాబా కిందే హాలు.

సమస్య ఏంటంటే హాల్లో ఫ్యాన్ హుక్ ఉండే గుండ్రటి బాక్సులోంచి నీళ్ళు కారతాయి. వానాకాలంలో ఫ్యాన్ తీసేసి కింద బకెట్ పెట్టుకోవడం మా ఇంట్లో ఆనవాయితీ అయిపోయింది, ఈ పేరు అందుకే. ఇది కాక ఈశాన్యం మూల సీలింగ్ మీద రెండు చేతులంత మరక, పెయింట్ పొక్కులు లేచి ఊడుతోంది.

2022 వేసవిలో ఒకసారి, 2024 వేసవిలో ఒకసారి డాబా అంతా వాటర్‌ప్రూఫ్ కెమికల్ కొట్టించాం. రెండుసార్లూ మొదటి నాలుగు వానలకి బాగానే ఉంది, తర్వాత షరా మామూలే. ఇప్పుడు ముగ్గురు వచ్చి చూశారు. ఒకాయన మళ్ళీ కెమికల్, ఈసారి మెష్ వేసి కొడదాం, 62 వేలు అన్నాడు. ఇంకొకాయన ఉన్నదంతా తవ్వేసి ఇటుక ముక్కలు పరిచి కూలింగ్ టైల్స్ వేయాలి, లక్ష దాటుతుంది అన్నాడు. మూడో ఆయన పైకి కూడా ఎక్కకుండా, పాత ఇల్లు కదమ్మా, పడగొట్టి అపార్ట్‌మెంట్‌కి ఇచ్చేయండి అన్నాడు. నాన్నకి ఆ మాటతో బీపీ పెరిగింది.

నేను హైదరాబాద్‌లో ఉంటాను, నెలకోసారి వెళ్తాను. మళ్ళీ డబ్బు పోసే ముందు అసలు నీళ్ళు ఎక్కడ దిగుతున్నాయో కనుక్కునే దారి ఏదైనా ఉందా? ఎవరైనా చేసి చూసిన వాళ్ళు చెప్పండి ప్లీజ్.

చల్లని_నీడ:

ఇంత ఆలోచన అనవసరం. డాబా మీద రేకుల షెడ్డు వేసేయండి. మేము ఎనిమిదేళ్ళ కిందట వేశాం, కారడం ఆగింది, ఎండాకాలం హాలు కూడా చల్లబడింది, ఆవకాయ ముక్కలు ఆరబెట్టుకోవడానికి తప్ప డాబాతో ఇంక పనేముంది.

రసమట్టం:

అమ్మా, ముందు ఒక పని చేయండి. ఆ ఫ్యాన్ పాయింటుకి వెళ్ళే వైరు ఇవాళే విడదీయించండి. స్విచ్ ఆపితే చాలదు. నీళ్ళు చేరిన బాక్సులో కరెంటు ఉంటే తడి గోడ మీద చెయ్యి వేసినా షాక్ కొట్టొచ్చు. 1986 ఇల్లంటే ఇంకా పింగాణీ ఫ్యూజులే ఉన్నాయేమో, ఎర్తింగ్ కూడా చూపించండి. అమ్మా నాన్నా పెద్దవాళ్ళు కదా.

ఇక మీ ప్రశ్న. ముప్పై ఏళ్ళ పైనే సైట్ల మీద గడిపాను, ఇప్పుడు రిటైరయ్యి ఇలాంటివి చదువుతూ కూర్చుంటాను. నీళ్ళు పడే చోటుకి నెత్తి మీదే దిగే చోటు ఉన్న ఇళ్ళు నేను చాలా తక్కువ చూశాను. స్లాబ్ పోసే ముందు ఊచల మీద కరెంటు పైపులు పరిచి కడతారు, తర్వాత కాంక్రీటు పోస్తారు. అంటే స్లాబ్ కడుపులో ఒక పిల్ల కాలువల వ్యవస్థ ఉంటుంది. పైన ఎక్కడో నీళ్ళు ఆ పైపులోకి దూరితే, పైపు కిందికి తెరుచుకునే చోట బయటపడతాయి. మన ఇళ్ళలో ఆ చోటు దాదాపు ఎప్పుడూ ఫ్యాన్ బాక్సే. కాబట్టి మీ బకెట్ మనకి చెప్పేది ఒక్కటే, నీళ్ళు పైపు ఎక్కాయని. ఎక్కడ ఎక్కాయో అది చెప్పదు. ఆ పైపు ఏ గోడ నుంచి ఏ గోడకి పోతుందో ఇల్లు కట్టిన రోజులు గుర్తున్న మీ నాన్నగారినే అడగాలి.

పాత స్లాబుల సంగతి ఇంకోటి. అప్పట్లో మన వైపు చాలా చోట్ల మిల్లరు లేకుండా చేత్తోనే కలిపేవారు, గమేళాలు చేతులు మారుతూ పైకెక్కేవి, చీకటి పడితే సగంలో ఆపి మర్నాడు మొదలుపెట్టేవారు. నిన్నటి కాంక్రీటు, ఇవాళ్టి కాంక్రీటు కలిసిన చోట ఒక అతుకు ఉండిపోతుంది. కవర్ బ్లాకులు పెట్టడం కూడా తక్కువే, ఊచల కింద ఏదో ఒక కంకర రాయి దూర్చేవారు. అందుకే ఊచలు స్లాబ్ అడుగు అంచుకే ఉండి తొందరగా తుప్పు పడతాయి, తుప్పు పట్టిన ఇనుము ఉబ్బుతుంది, ఉబ్బితే కింద పెచ్చులు ఊడతాయి.

నాకు కొన్ని సంగతులు కావాలి. వాన మొదలైన ఎంతసేపటికి చుక్క పడుతుంది? వాన ఆగాక ఎంతసేపు కారుతుంది? వాన లేని రోజుల్లో ఎప్పుడైనా తడి ఉందా? గాలివానకీ మామూలు వానకీ తేడా ఉందా? పై గది తలుపు ఎటు వైపు? 2004లో గది కట్టినప్పుడు డాబా మీద ఏం తవ్వారు?

రేకుల సోదరుడికి: మీకు పనిచేసింది, సంతోషం. కానీ నీళ్ళు గోడలోంచో, బాత్రూమ్‌లోంచో వస్తుంటే రేకులేం చేస్తాయి? పైగా ఆ స్తంభాలకి స్లాబ్‌లో బోల్టులు దించుతారు, అవి కొత్త కన్నాలు. తెనాలి సముద్రానికి ఎంత దూరమో కూడా గుర్తుంచుకోండి. తుపాను గాలికి రేకు లేచి పక్కింటి మీద పడితే ఆ గొడవ వేరు.

ఫ్యాన్_కింద_బకెట్:

సార్, చాలా థాంక్స్. ఎలక్ట్రీషియన్ వచ్చి వైరు తీసేశాడు. ఎర్త్ తీగ మీటర్ దగ్గర తెగిపోయి ఉందట, ఎన్నేళ్ళ నుంచో. మీరు చెప్పకపోతే ఎవరం చూసేవాళ్ళం కాదు.

మీ ప్రశ్నలు నాన్నకి ఫోన్లో చదివి వినిపించాను. ఆయనకి వానలు తారీఖులతో సహా గుర్తుంటాయి. 2023 డిసెంబరు 5న మిచాంగ్ తుపాను బాపట్ల దగ్గర తీరం దాటింది కదా, అంతకు ముందు రోజు నుంచే మా ఇంట్లో ధార. మొదట్లో గాలి తూర్పు వైపు నుంచి, గాలివాన మొదలైన అరగంటలోపే బకెట్ పెట్టారట. 2024 ఆగస్టు 31, సెప్టెంబరు 1, అదే బెజవాడ బుడమేరులో మునిగిన వాన, ఆ రెండు రోజులూ మాకూ కుంభవృష్టి. కానీ గాలి లేదు, నిలువు వాన. అప్పుడు మొదటి రోజంతా ఏమీ లేదు, రెండో రోజు పొద్దున ఈశాన్యం మూల మరక పెరిగింది, ఫ్యాన్ దగ్గర మాత్రం ఎప్పుడో ఒక చుక్క. వాన ఆగాక కూడా ఆ మూల రెండు రోజులు చెమ్మగానే ఉంది.

వాన లేనప్పుడు తడి ఎప్పుడూ లేదు. పై గది తలుపు తూర్పు వైపు, డాబా మీదికే. తలుపు నుంచి ఫ్యాన్ దాకా కింద కొలిస్తే ఐదడుగులు పైచిలుకు.

2004లో ఏం తవ్వారంటే, మొదట ఇల్లు కట్టినప్పుడు స్లాబ్ మీద సున్నం, ఇటుక ముక్కలు కలిపి బెల్లం నీళ్ళు, కరక్కాయ నీళ్ళు పోసి ఆడవాళ్ళు వరసగా కూర్చుని చెక్క బల్లలతో రోజుల తరబడి కొట్టారట. పద్దెనిమిదేళ్ళు చుక్క కారలేదని నాన్న గర్వం. గది గోడలు లేపడానికి ఆ సున్నం పొర కోశారు. మీ సిమెంటు వాళ్ళు వచ్చాకే ఇల్లు పాడైందని మీకు చెప్పమన్నారు. నేను చెప్పాను అంతే సార్, ఏమీ అనుకోకండి.

వెలగటూరు_వేణువు:

తెనాలి వాళ్ళకి కోతుల బాధ లేనట్టుంది. మాది కరీంనగర్ వైపు, గూన పెంకుల ఇల్లు, ఏటా కోతులు దుంకి పెంకలు పలగ్గొట్టుడే. మాకు కురిసే జాగ దొరకబట్టుడు అల్కగుంటది: పగటిపూట తలుపులు, కిటికీలు మూసి ఇల్లు చీకటి చేసి పైకి చూస్తే సూది మొనంత వెలుగు పడ్డా కనబడుతది, ఆడ ఒక పుల్ల దూర్చి ఉంచితే పైకెక్కినోనికి గుర్తు దొరుకుతది. కానీ పెంకుటింట్లో కూడ నీళ్ళు వాసం వెంబడి జారి ఇంకోకాడ పడుతయి, రసమట్టం సారు చెప్పింది మాకూ అంతే.

గవాచి:

మాది ప్రొద్దుటూరు దగ్గర పల్లె, మట్టి మిద్దె. దూలాలు, వాటి మీద దంతెలు, పైన బండలు, ఆ పైన మన్ను. వానలకు ముందు చౌడు మన్ను తెచ్చి మిద్దె మీద పరిచి తొక్కేది మా జేజి కాలం నుంచి ఉంది. కారితే ఎక్కడో వెతికే పని లేదు, గవాచి, అంటే వెలుతురుకు మిద్దెలో వదిలే కంత, దాని చుట్టూ లేదంటే గోడ పక్కన. నడిమధ్యలో కారిన మిద్దె నేను చూడలేదు. అంటే ఒకటి ఇంకోదాన్ని కలిసే చోటే కన్నం పడుతుంది. అక్కా, మీ డాబా నడిమధ్యన కెమికల్ కొట్టింది చాలు, అంచులు చూడండి.

రసమట్టం:

గవాచి గారు నేను రెండు పేజీల్లో చెప్పేది రెండు ముక్కల్లో చెప్పేశారు.

అమ్మా, మీ నాన్నగారికి నా నమస్కారాలు. ఆయన కోపంలో న్యాయం ఉంది. సున్నానికి ఒక గుణం ఉంది. వెంట్రుక మందం పగుళ్ళు పడితే, వాన నీళ్ళకి కాస్త సున్నం కరిగి ఆ పగుల్లోకి చేరి గాలి తగిలి మళ్ళీ గట్టిపడుతుంది. తన పుండు తనే మాన్పుకుంటుంది. కానీ మధ్యలో కోసి పక్కన సిమెంటు పూస్తే ఆ రెండూ ఒకదానితో ఒకటి కలవవు. ఎండకి ఒకటి ఒకలా సాగుతుంది, ఇంకోటి ఇంకోలా. మధ్యలో నోరు తెరుస్తుంది.

మీరు చెప్పిన దాన్నిబట్టి మీ ఇంట్లో కారుతున్నవి రెండు. ఇన్నాళ్ళూ ఒకటే అనుకుని ఒకే మందు పూశారు.

గాలివానకి అరగంటలో ధార కట్టేది ఒకటి. అంత తొందరగా వచ్చిందంటే దారి తిన్నగా ఉంది, కన్నమో పైపో. గాలి లేని కుంభవృష్టికి అది దాదాపు రాలేదు, అంటే డాబా నేల మీద పడిన నీటికి ఆ దారి అందదు, నిలువు గోడకి కొట్టిన నీటికి అందుతుంది. మీకు తూర్పు ముఖంగా డాబా వైపు ఉన్న నిలువు గోడ పై గదిదే. ఆ గోడ అడుగు, అందులోనూ తలుపు గడప, నా అనుమానం అక్కడే. రెండుసార్లు కెమికల్, అంతకు ముందు ఎప్పుడైనా సిమెంటు పూతలు, ఇలా పొర మీద పొర పడి డాబా ఎత్తు పెరిగి ఉంటుంది, గడప మాత్రం 2004లో ఎక్కడుందో అక్కడే ఉంటుంది. ఒక స్కేలు పెట్టి చూడండి, గడప డాబా కంటే ఎన్ని అంగుళాల ఎత్తుందో.

రెండోది ఈశాన్యం మూల. అది ఆలస్యంగా వచ్చి ఆలస్యంగా ఆరుతోంది. నీళ్ళు ముందు ఆ సున్నం పొరలో స్పాంజిలా నిండి, తర్వాత స్లాబ్‌లోకి దిగుతున్నాయి. ఆ మూలకి పైన తూము ఉందేమో చూడండి. ఉంటే తూము పైపు చుట్టూ వదులైంది. అక్కడ పిట్టగోడ పగుల్లో రావి మొక్క కూడా ఉంటే నాకు ఆశ్చర్యం లేదు. పైకి రెండాకులే కనిపిస్తాయి, వేరు మూరెడు లోపలికి పోయి ఉంటుంది, ఊరికే పీకితే తెగి మళ్ళీ చిగురిస్తుంది.

ఇవన్నీ అనుమానాలే, ఇక్కడ కూర్చుని చెప్పేవి. నిజం తేలాలంటే వానని మీరే కురిపించాలి, అదీ ముక్కలు ముక్కలుగా. పది రోజులు ఎండ కాసి డాబా పూర్తిగా ఆరాక మొదలుపెట్టండి. ఒక ప్లాస్టిక్ కాగితం గజం మేర పరిచి నాలుగు అంచులూ టేపు వేసి ఒక రోజు ఉంచితే, కింద చెమట పట్టలేదంటే ఆరినట్టు. ముందు బాత్రూమ్ తేల్చేయండి. అది మీ కేసులో దొంగ కాదనే అనుకుంటున్నా, వాన లేనప్పుడు తడి లేదన్నారు కాబట్టి. అయినా నీళ్ళు పోయే జాలీని తడిగుడ్డతో మూసి అంగుళం నీళ్ళు ఒక రోజు నిలిపి చూడండి, పోయేదేం లేదు.

తర్వాత డాబాని నాలుగు భాగాలు చేసి మట్టితో చిన్న గట్లు కట్టి, ఒక్కో భాగంలో ఒక్కో రోజు నీళ్ళు నిలపండి. అంగుళం చాలు. ఇది మాత్రం గట్టిగా చెబుతున్నా. పది బై పన్నెండు అడుగుల చోట అంగుళం నీళ్ళే 280 కిలోలు. కొందరు మేస్త్రులు పరీక్ష అని నాలుగంగుళాలు నిలుపుతారు, అది టన్ను దాటుతుంది. కింద పెచ్చులూడి ఊచలు బయటపడ్డ చోటు ఉంటే ఆ నెత్తిన అసలు నిలపొద్దు, పైపుతో తడపండి చాలు.

చివరికి గోడ. పైపుతో నీళ్ళు కొట్టేటప్పుడు కింది నుంచి పైకి రావాలి. పై నుంచి మొదలుపెడితే నీళ్ళు జారి అన్నీ తడుస్తాయి, కింద చుక్క పడినా ఏ చోటు వల్లో తెలియదు. ముందు గడప, అరగంట ఆగాలి. ఏమీ లేకపోతే గోడ అడుగు, మళ్ళీ ఆగాలి. తర్వాత కిటికీ, సన్‌షేడ్. కింద హాల్లో ఒకరు టార్చి పట్టుకుని ఉండాలి, పైన ఒకరు. టైము రాయండి, జ్ఞాపకం మీద వదలొద్దు.

కోడ్_రాసే_కాపు:

పైన పోసే నీళ్ళలో రంగు కలిపితే తొందరగా తేలిపోతుంది కదా? ఒక్కో భాగానికి ఒక్కో ఫుడ్ కలర్. లేదంటే ఇంట్లో పసుపు ఉండనే ఉంది.

రసమట్టం:

రంగు కలిపి నేనూ చూశాను తమ్ముడూ. బాత్రూమ్ పైపుల లీకులకి పనికొస్తుంది. స్లాబ్‌లోంచి దిగేటప్పుడు మాత్రం రంగు సగం కాంక్రీటులోనే ఉండిపోతుంది, కిందికి వచ్చేది మామూలు నీళ్ళలాగే కనిపించి మనల్ని తప్పుదారి పట్టిస్తుంది. ఇక పసుపు అంటావా, సున్నం పొరలోంచి పసుపు నీళ్ళు దిగితే ఏమవుతాయో మీ ఇంట్లో పెద్దవాళ్ళని అడుగు. ఎర్రనీళ్ళు. సీలింగ్‌కి దిష్టి తీసినట్టు ఉంటుంది, ఆ మరక మీద ఎన్నిసార్లు పెయింట్ కొట్టినా తేలుతుంది.

చల్లని_నీడ:

నేను ఇప్పటికీ రేకులే అంటాను. కానీ ఆ ఎర్త్ తీగ సంగతి చదివి మా ఇంట్లో కూడా చూపించాను.

ఫ్యాన్_కింద_బకెట్:

ఆలస్యమైంది, క్షమించాలి. సంక్రాంతికి వెళ్ళి ఐదు రోజులు ఇదే పని. అమ్మ అరిసెలు వండుతుంటే మేము డాబా మీద గట్లు కడుతున్నాం, వీధిలో వాళ్ళు నారుమడి పోస్తున్నారా అని అడిగారు.

బాత్రూమ్‌లో ఒక రోజు నీళ్ళు నిలిపాం, ఏమీ లేదు. డాబా నాలుగు భాగాల్లో మూడింటికి ఏమీ లేదు. అంటే రెండుసార్లు డబ్బు పోసి కెమికల్ కొట్టించింది అసలు కారని చోట. నాలుగోది తూము ఉన్న భాగం. అక్కడ నీళ్ళు నిలిపిన పదిహేడు గంటలకి కింద ఈశాన్యం మూల రంగు మారింది. మీరు చెప్పిన రావి మొక్క కూడా ఉంది సార్, పిట్టగోడ బయటి వైపు, మేము ఎప్పుడూ వీధిలోంచి తలెత్తి చూడలేదు.

తర్వాత గడప. స్కేలు పెట్టి చూస్తే డాబా కంటే గడప ముప్పావు అంగుళం ఎత్తు, అంతే. 2004లో నాలుగంగుళాలు ఉండేదని నాన్న అంటారు. నేను పైన పైపు పట్టుకుని గడప అంచు మీదికి సన్నగా నీళ్ళు వదిలాను, నాన్న కింద కుర్చీ వేసుకుని చేతి గడియారంతో కూర్చున్నారు. పదకొండు ఐదుకి మొదలుపెట్టాను. పదకొండు ఇరవై మూడుకి కింద నుంచి ఒక కేక. నేను పైపు పారేసి పరిగెత్తాను, ఏమైందో అని. ఆయన ఫ్యాన్ బాక్సు వైపు వేలు చూపిస్తూ నవ్వుతున్నారు. ఇల్లు కారుతుంటే అంత సంబరపడిన మనిషిని నేను చూడలేదు.

అప్పుడు ఆయనకి గుర్తొచ్చింది. 1986లో స్లాబ్ పోసేటప్పుడు రేపు పైన గది వేసుకుంటే కరెంటు కావాలి కదా అని ఫ్యాన్ బాక్సు నుంచి ఒక పైపు డాబా పైకి వదిలిపెట్టారు. గది వేసినప్పుడు అది తలుపు పక్కకే వచ్చింది, అందులోంచే వైర్లు లాగి పై గది స్విచ్ బోర్డుకి ఇచ్చారు. మర్నాడు మేస్త్రి గడప ముందు అడుగు వెడల్పున తవ్వాడు. పైన సిమెంటు గట్టిగానే ఉంది. దాని కింద కోసిన సున్నం పొరకీ గోడకీ మధ్య బెత్తెడు సందు, అందులో ఇటుక రజను, తడి ఇసుక. ఆ పైపు అక్కడే, చుట్టూ వేలు దూరేంత ఖాళీ, పైపు కూడా చిట్లి ఉంది.

సార్, ఇప్పుడు ఏం చేయాలి? మేస్త్రి సిమెంటు పోసి మూసేద్దాం అంటున్నాడు.

రసమట్టం:

మూయనివ్వకండి. పైన సిమెంటు గట్టిగా ఉండి కింద సందు ఉండటమే కదా ఇన్నేళ్ళ రోగం.

వదులుగా ఉన్న రజనంతా తీసి స్లాబ్ కనిపించేదాకా శుభ్రం చేయించండి, రెండు రోజులు ఎండనివ్వండి. ఆ పైపులో వైర్లు తీసేయండి, పై గదికి కరెంటు బయట గోడ మీద కొత్త పైపులో తీసుకెళ్ళండి. స్లాబ్ కన్నం చుట్టూ కాస్త చెక్కి, కుంచించుకుపోని గ్రౌట్ అని దొరుకుతుంది, అది దట్టించాలి. మామూలు సిమెంటు ఆరేటప్పుడు కుంచించుకుని అంచున మళ్ళీ గీత పడుతుంది. మిగతా గుంట పొరలు పొరలుగా నింపి, గోడ కలిసే మూల గుండ్రంగా తీర్చమనండి. దాని మీద మెష్ పెట్టి కెమికల్ రెండు పూతలు, నేల మీద ఒక అడుగు, గోడ మీదికి ఒక అడుగు. గడప మీద మూడంగుళాల ఎత్తున గ్రానైట్ పట్టీ, బయటికి వాలుగా. తలుపు కింద ఆ మేరకు కోయాలి, వడ్రంగి విసుక్కుంటాడు, కోయించండి.

తూము దగ్గర పైపు చుట్టూ తవ్వి ఇదే పద్ధతి. ఇంకొకటి, తూము నోరు డాబా కంటే పల్లంగా ఉందో లేదో చూడండి. పొరలు పెరిగిన డాబాల్లో నోరు సగం పూడుకుపోతుంది, నీళ్ళు వెళ్ళలేక నిలబడతాయి. రావి మొక్క వేరు దాకా పగులు తెరిచి మొత్తం తీయించాలి.

ఫ్యాన్_కింద_బకెట్:

గడప పని అయిపోయింది. మేస్త్రి, వడ్రంగి, ఎలక్ట్రీషియన్, సామానుతో కలిపి 14 వేలు చిల్లర. వారం ఆగి మళ్ళీ అదే గడప మీద గంటన్నర నీళ్ళు వదిలాం, నాన్న మళ్ళీ అదే కుర్చీ, అదే గడియారం. చుక్క లేదు. గోడ మీద, కిటికీ మీద కూడా కొట్టాం, లేదు.

తూము పని వచ్చే నెల. నోరు నిజంగానే సగం పూడుకుపోయి ఉంది సార్, వేలు పెడితే లోపల పాత కెమికల్ పెచ్చు తగిలింది.

మీ సిమెంటు వాళ్ళ గురించి అన్న మాట వెనక్కి తీసుకుంటున్నానని నాన్న చెప్పమన్నారు, కానీ కరక్కాయ నీళ్ళ సంగతి మాత్రం వెనక్కి తీసుకోరట. ఫ్యాన్ ఇంకా బిగించలేదు. పైపు నీళ్ళు వేరు, తూర్పు గాలివాన వేరు, ఒకటి చూశాకే అంటున్నారు. బకెట్ మాత్రం అమ్మ పెరట్లోకి తీసుకెళ్ళిపోయింది.